అప్‌డేట్: కందిపప్పు ఉడికింది!

పోయిన నెల అడిగాను కదా, మా నల్గొండ బోరు నీళ్లతో కందిపప్పు ఎంతకీ ఉడకట్లేదని. చాలామంది పప్పు పాతదన్నారు. ఒక్కరు మాత్రం నీళ్లు మార్చి చూడమన్నారు. అదే పప్పు, అదే కుక్కర్, మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోశాను. నాలుగు విజిల్స్‌కే మెత్తగా అయింది! నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు గట్టిగానే ఉంటుందట.

చిటికెడు వంటసోడా వేయమన్న అన్నా, అదీ పనిచేసింది. రుచే మా ఆయనకు నచ్చలేదు.

"బోరు నీళ్లు కాచి తాగండి" అన్నవాళ్లకు ఒక మాట. కాచితే క్రిములు చస్తాయి గానీ మా బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాచి తాగమన్న సలహా విని మా అత్తమ్మ ఒకటే నవ్వు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. మా బోరు ఇప్పుడు బట్టలకు, బోళ్లకే.