షార్లెట్ స్కూలు బస్సుల్లో పెరిగినవాళ్ళు ఇప్పుడేమంటున్నారు?

రమణ_షార్లెట్:
ఇక్కడ షార్లెట్‌లో (అమెరికా, నార్త్ కరోలినా) మా ఆఫీసులో ఒకావిడ వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. నల్లజాతి ఆవిడ. 1970ల్లో నల్ల, తెల్ల పిల్లల్ని కలిపి చదివించాలని తెల్లవాళ్ళ పేటలోని బడికి రోజూ బస్సులో పంపిన పిల్లల్లో ఆవిడా ఒకరు. మొన్న లంచ్‌లో మాటల మధ్య అన్నారు: "ఏ మీటింగ్ గదిలోకి వెళ్ళినా ముందు తలలు లెక్కపెడతాను. నాలాంటివాళ్ళు ఎంతమంది, తలుపు ఎటుంది అని. ఏడో తరగతిలో పట్టుకున్న అలవాటు." యాభై ఏళ్ళైనా పోలేదు. ఆ మాట నన్ను వదలడం లేదు.

తర్వాత కూర్చుని చదివాను. పిల్లల్ని రంగును బట్టి వేరే బడుల్లో పెట్టడం మీద ఇక్కడ కేసు వేసిన డేరియస్ స్వాన్ దంపతులు మన దేశంలో మిషనరీలుగా పనిచేసి వచ్చినవాళ్ళు. అక్కడ పెరిగిన వాళ్ళబ్బాయి జేమ్స్‌కి రంగును బట్టి విడదీయడమంటే ఏంటో తెలియదు. 1964లో ఆరేళ్ళవాణ్ణి ఇంటికి దగ్గరున్న బడి వదిలి నల్లపిల్లల బడికి వెళ్ళమన్నారు. 1965లో కేసు వేశారు. అదే ఏడాది వాళ్ళ లాయరు జూలియస్ చాంబర్స్ ఇంటిమీద బాంబు పడింది. పిల్లల్ని కలపడానికి బస్సులు వాడొచ్చని 1971లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అలా చదువుకున్నవాళ్ళెవరైనా మీకు తెలిస్తే రాయండి.

వసుధ_ఎన్‌సి:
రమణ గారూ, ఆ బస్సు నేనూ ఎక్కాను. నాన్నగారు 1970ల చివర్లో ఇక్కడికి వచ్చారు. మా పేట పిల్లల్ని వెస్ట్ షార్లెట్ హైస్కూల్‌కి వేశారు. అది మొదట్నుంచీ నల్లజాతివాళ్ళ బడి, వాళ్ళకి ప్రాణం. వేరేచోట్ల వాళ్ళ బడులే మూతపడ్డాయి (సెకండ్ వార్డ్ హైస్కూల్ 1969లో పోయింది), పిల్లలు మాత్రం ఊరి అవతలికి వెళ్ళారు. మా దగ్గర తెల్లపిల్లలే అక్కడికి వచ్చేవాళ్ళు. ఆ తేడా చాలా పెద్దదని నా నమ్మకం.

అమ్మ పెట్టిన పులిహోర లంచ్‌లో పంచేదాన్ని. పక్కన కూర్చునే అమ్మాయి ఆవాలు ఒక్కొక్కటీ ఏరి మూతలో పెట్టి తినేది. సాయంత్రం బెల్లు కొడితే తన బస్సు అటు, నాది ఇటు. పుట్టినరోజుకి పిలిచినా రాలేకపోయేది, వాళ్ళింట్లో కారు లేదు. మొన్న మా అబ్బాయి పెళ్ళికి చీర కట్టుకుని వచ్చింది. ఆవాలు ఏరకుండానే తినేసింది!

2002లో ఆ పద్ధతి ఆగిపోయింది. ఇప్పుడు మా బడిలో తెల్లపిల్లలు దాదాపు లేరు. అటు వెళ్ళినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

శ్రీలత_లెక్సింగ్టన్:
మా మసాచుసెట్స్‌లో మెట్కో అని ఇలాంటి పథకమే 1966 నుంచి ఇంకా నడుస్తోంది. బోస్టన్ పిల్లలు మా ఊరి బడులకి వస్తారు. మా పాప ఫ్రెండ్ తెల్లవారుజామున ఐదింటికి లేచేది. ఒకసారి మా ఇంట్లో హోంవర్క్ చేస్తూ పుస్తకం మీదే నిద్రపోయింది, పెన్సిల్ చేతిలోనే ఉంది. ఇప్పుడు నర్సు. మీ పిల్లల్ని పంపుతావా అంటే "పంపుతాను, కానీ అలసిపోతారని ముందే చెప్తాను" అంది.

ఓరుగల్లు_నవీన్:
అన్నా, మాది రంగు కాదు, కులం. అయినా రాయాలనిపించింది. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని ప్రైవేటు బడుల్లో చదివించే బెస్ట్ అవైలబుల్ స్కూల్ స్కీమ్ లాటరీలో నాకు సీటొచ్చింది. ఫీజు ప్రభుత్వం కట్టాలి. డబ్బు రాలేదని మా ప్రైవేటు బడిలో అసెంబ్లీలో పేర్లు చదివేవాళ్ళు. లేచి నిలబడితే క్లాసంతా తెలిసిపోయేది మేమెవరమో. ఇంగ్లిష్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఆ బడి లేకపోతే రెండూ లేవు. కానీ ఇప్పటికీ ఎవరైనా పేరు పెట్టి గట్టిగా పిలిస్తే గుండె దడదడ. మీ ఆఫీసు ఆవిడ తలలు లెక్కపెట్టడం నాకు బాగా అర్థమైంది.

మూర్తి_బే ఏరియా:
రక్కర్ జాన్సన్ అనే ఆర్థికవేత్త ఆ తరం పిల్లల్ని పెద్దయ్యేదాకా పరిశీలించారు. కలిసి చదివిన నల్లపిల్లలకి చదువు, జీతం, ఆరోగ్యం మెరుగుపడ్డాయి, జైలుకెళ్ళినవాళ్ళు తగ్గారు. తెల్లపిల్లలకి నష్టమేమీ జరగలేదు. బడికి డబ్బు కూడా వచ్చినచోట ఫలితం ఇంకా ఎక్కువ. నవీన్ చెప్పిన ఫీజు బాకీ చిన్న విషయం కాదు.

రమణ_షార్లెట్:
నవీన్, నీ మాట ఆవిడకి ఇంగ్లిష్‌లో చెప్పాను తమ్ముడూ. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అబ్బాయికి ఇప్పుడు పిల్లలున్నారా?" అని అడిగారు. ఏం చెప్పమంటావు?