ఏసీ వేస్తేనే పలుకుతున్న జెడ్80 బోర్డు: లోపం ఎక్కడ వెతకాలి?

సత్యనారాయణపురం శ్రీను (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసుకునేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివాను గానీ ఆ చదువుకీ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదు. పాత సరదా కొద్దీ ఒక జెడ్80 (పాతకాలపు 8-బిట్ ప్రాసెసర్) సింగిల్ బోర్డు కంప్యూటర్ కిట్ తెప్పించి, మేడ మీద గదిలో కూర్చుని సోల్డరింగ్ చేసుకున్నాను. కిట్‌లో సీపీయూ రాలేదు, దాన్ని ఆన్‌లైన్‌లో విడిగా కొన్నాను. చిప్ మీద జెడ్84సి0010 అని ఉంది, అంటే 10 మెగాహెర్ట్జ్ దాకా తట్టుకోవాలి. బోర్డు మీద 7.3728 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 62256 ర్యామ్ (32కె), 27సి512 రోమ్, సీరియల్‌కి (టెర్మినల్‌తో మాట్లాడటానికి) 68బి50 చిప్, ఎనిమిది ఎల్ఈడీల అవుట్‌పుట్ పోర్టు ఉన్నాయి.

పొద్దున పూట బేసిక్ చక్కగా వస్తుంది, ప్రోగ్రాములు నడుస్తాయి. ఎండెక్కాక మాత్రం నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతుంది, లేదంటే టెర్మినల్ నిండా పిచ్చి గీతలు. రీసెట్ నొక్కినా లేవదు. ఏసీ వేసి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. అసలే రోహిణి కార్తె. "మనుషులకే చూసి చూసి వేసుకుంటున్నాం, ఆ బొమ్మకి ఏసీ ఏంటి?" అని ఇంట్లో ఒకటే గొడవ.

జాయింట్లన్నీ మళ్లీ కరిగించాను. ర్యామ్ మార్చాను. నా దగ్గర మల్టీమీటర్ తప్ప స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపే ఆసిలోస్కోప్) లేదు. దీని మీద సీపీ/ఎం (ఆ కాలపు ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాలని ఆశ. ముందు ఈ రోగం కుదరాలి కదా.

పటమట బుజ్జి

బ్రదర్, ఫోన్ చార్జర్‌తో పవర్ ఇస్తున్నారా? సన్న కేబుల్ అయితే వోల్టేజీ దార్లోనే తినేస్తుంది. ప్లగ్ దగ్గర కాదు, సీపీయూ 11వ పిన్‌కీ 29వ పిన్‌కీ మధ్య చూడండి. 4.75 కంటే తగ్గితే ఇక వేరే ఏదీ వెతకక్కర్లేదు.

సత్యనారాయణపురం శ్రీను

చూశానండీ. బోర్డు నడుస్తుండగా 4.96 ఉంది. బిగుసుకుపోయాక కూడా అంతే.

పాత మేస్త్రి (గుంటూరు, బ్రాడీపేట)

శ్రీనుగారూ, ఆ చిప్ మీద వేలు పెట్టి చూశారా? అరనిమిషంలో వేలు తీసేయాలనిపిస్తే మీకు దొరికింది మీరు కొన్న సరుకు కాదు.

నేను కాలేజీ ల్యాబుల్లో 8085 కిట్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఆ కిట్లలో పోయేది ఎప్పుడూ కీప్యాడూ, పవర్ సప్లయ్యే. ప్రాసెసర్ పోవడం అరుదు. పిల్లలు చిప్పుని తిరగేసి పెట్టినప్పుడు తప్ప. కాబట్టి మామూలుగా సీపీయూని అనుమానించను. ఇప్పటి సంగతి వేరు. జెడ్80 తయారుచేసిన జైలాగ్ కంపెనీ 2024 ఏప్రిల్‌లో జెడ్84సి00 చిప్పుల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది, ఆర్డర్లకి జూన్ 14 ఆఖరు తేదీ ఇచ్చింది. 1976లో మొదలైన చిప్ అది. ఇలాంటి సమయంలో పాత బోర్డుల నుంచి పీకిన జెడ్80ఎ చిప్పుల తల అరగదీసి, నల్లరంగు పూసి, 10 మెగాహెర్ట్జ్ అని కొత్తగా అచ్చు వేసి అమ్మేవాళ్లు లేకుండా ఉంటారా?

జెడ్80ఎ ఎన్‌మాస్ రకం (పాత తరం చిప్ తయారీ పద్ధతి), 4 మెగాహెర్ట్జ్‌కి చేసింది. మీ చిప్ మీద రాసున్న జెడ్84సి మాత్రం తర్వాత వచ్చిన సీమాస్ రకం. మీరు దాన్ని 7.37తో తోలుతున్నారు. చల్లగా ఉన్నంతసేపు ఎలాగో లాక్కొస్తుంది. వేడెక్కిన కొద్దీ లోపలి ట్రాన్సిస్టర్లు మందగిస్తాయి, టైమింగ్ తప్పుతుంది. పైగా ఎన్‌మాస్ కరెంటు ఎక్కువ తాగుతుంది, తన వేడి తనే పెంచుకుంటుంది.

నా మాట నమ్మి చిప్ పారేయొద్దు, చిప్పునే అడగండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జంపర్ మార్చి రోమ్‌లోని మానిటర్‌లోకి (మెమరీలో బైట్లు రాసి నడిపించే చిన్న ప్రోగ్రామ్) వెళ్లి, 8000 అడ్రసు నుంచి ఈ బైట్లు వరుసగా ఎక్కించండి:

0ఈ 00 3ఈ 55 డీ3 00 ఈడీ 71 సీ9

మీ ఎల్ఈడీ పోర్టు నంబరు 0 అనుకుని రాశాను. వేరే అయితే రెండో బైటూ ఆరో బైటూ మార్చండి. ముందు 55 పంపుతున్నాం, అంటే ఎల్ఈడీలు ఒకటి విడిచి ఒకటి. వెంటనే ఈడీ 71. జైలాగ్ పుస్తకంలో ఈ ఇన్‌స్ట్రక్షన్ ఉండదు గానీ చిప్ దీన్ని పాటిస్తుంది. ఎన్‌మాస్ అయితే పోర్టుకి సున్నా పంపుతుంది, జైలాగ్ సీమాస్ అయితే ఎఫ్ఎఫ్ (అన్ని బిట్లూ ఒకటి). అన్నీ వెలిగితే మీ చిప్ సీమాసే, నేను తప్పుకుంటాను. అన్నీ ఆరితే ఎన్‌మాస్. ఒకటి విడిచి ఒకటి వెలుగుతూ ఉండిపోతే బైట్లు ఎక్కించడంలో తేడా వచ్చినట్టు, మళ్లీ చూసుకోండి.

అసిటోన్‌తో తుడిచి చూడమని కొందరంటారు. రంగు పూసి ఉంటే దూదికి నల్లగా అంటుతుంది, నిజమే. కానీ ఇంకుతో అచ్చేసిన అసలు చిప్ మీద కూడా అక్షరాలు చెరగొచ్చు. అక్షరాల్ని నమ్ముకుని లాభం లేదు.

సత్యనారాయణపురం శ్రీను

మేస్త్రిగారూ, అన్నీ ఆరిపోయాయి! వేలు కూడా పెట్టాను, మీరన్నట్టే కాలింది. అమ్మినవాణ్ణి అడిగితే "టెస్ట్ చేసే పంపాం సార్" అని ఒకే ముక్క.

సరే, క్రిస్టల్ తగ్గిద్దామని గవర్నర్‌పేటలో అడిగితే 4 మెగాహెర్ట్జ్ ఉందన్నారు, తెచ్చాను. జెడ్80ఎకి సరిగ్గా 4 కదా, పెట్టేయనా?

ల్యాబ్ మేడమ్ (గుంటూరు)

ఆగండి, పెట్టకండి! మీ బోర్డులో 68బి50కి కూడా అదే క్లాక్ వెళ్తుంది. అది దాన్ని 64తో భాగించి బాడ్ రేటు (సీరియల్ లైను వేగం) తయారు చేసుకుంటుంది. 7.3728ని 64తో భాగిస్తే సరిగ్గా 1,15,200. అందుకే ఆ వింత అంకె క్రిస్టల్ పెట్టారు. 4 పెడితే 62,500 వస్తుంది, మామూలుగా టెర్మినల్‌లో ఎంచుకునే రేట్లలో అది ఉండదు. బోర్డు బాగానే నడుస్తుంటుంది, మీకు మాత్రం స్క్రీన్ మీద చెత్త కనబడుతుంది. చిప్ పూర్తిగా పోయిందని బెంగపెట్టుకుంటారు.

3.6864 దొరికితే అది పెట్టి, టెర్మినల్‌ని 57,600కి మార్చుకోండి, సరిపోతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో అడిగించండి.

పాత మేస్త్రి

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. అయితే క్రిస్టల్ కోసం కోఠీ దాకా ఎందుకండీ? 74హెచ్‌సీటీ74 (రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఉన్న చిప్, ఒక్కోదాంతో క్లాక్‌ని సగం చేయొచ్చు) ఒకటి కొనండి, ఎక్కడైనా ఉంటుంది. 7.3728 క్రిస్టల్ అలాగే ఉంచి, సీపీయూ 6వ పిన్‌కి వెళ్లే ట్రాక్ ఒక్కటే తెంచండి. ఆ క్లాక్‌ని 74 చిప్ 3వ పిన్‌కి ఇచ్చి, 5వ పిన్ నుంచి సీపీయూకి తీసుకోండి. 2, 6 పిన్నులు కలపాలి. 1, 4 రెండూ 5 వోల్టులకి. సీపీయూకి 3.6864 వెళ్తుంది, సీరియల్ మాత్రం పాత 1,15,200 మీదే ఉంటుంది. పెద్ద ప్రోగ్రాములు పేస్ట్ చేసేటప్పుడు టెర్మినల్‌లో ఆర్‌టీఎస్, సీటీఎస్ (కాసేపు ఆగమని చెప్పుకునే సంకేతాలు) ఆన్ చేయండి, లేకపోతే అక్షరాలు మింగేస్తుంది.

హెచ్‌సీటీయే అడగండి. షాపువాడు ఎల్ఎస్ రకం (74ఎల్ఎస్74) చేతిలో పెడితే 5వ పిన్ నుంచి 5 వోల్టులకి 330 ఓమ్ రెసిస్టర్ వేయాలి. జెడ్80 క్లాక్ పిన్‌కి హై అంటే దాదాపు పూర్తి 5 వోల్టులు కావాలి, ఎల్ఎస్ ఒక్కటే అంత ఎత్తుకి లాగలేదు. 7, 14 పిన్నుల మధ్య ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ మర్చిపోకండి.

సత్యనారాయణపురం శ్రీను

చిన్న వెరోబోర్డు ముక్క మీద కట్టి పెట్టాను. మధ్యాహ్నం ఫ్యాన్ కూడా ఆపి, ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రామ్ వదిలి భోజనానికి దిగాను. వచ్చేసరికి ఇంకా లెక్కపెడుతూనే ఉంది! వేగం సగమైంది, కానీ నాకేం తొందర. మీ ఇద్దరికీ చాలా థాంక్స్.

74 చిప్‌లో రెండో సగం ఖాళీగా ఉంది కదా, ఆ పిన్నులు అలాగే వదిలేయొచ్చా? సీపీ/ఎంకి ఈ బోర్డు సరిపోతుందా?

ల్యాబ్ మేడమ్

ఖాళీ ఇన్‌పుట్‌లు గాల్లో వదలకూడదండీ. 10, 11, 12, 13 పిన్నులు 5 వోల్టులకి కట్టేయండి.

సీపీ/ఎంకి అడుగున, అంటే సున్నా అడ్రసు దగ్గర, ర్యామ్ ఉండాలి. మొదటి 256 బైట్లు అది తన పనులకి వాడుకుంటుంది, ప్రోగ్రాములు 0100 దగ్గర లోడవుతాయి. మీకు అక్కడ రోమ్ కూర్చుని ఉంది. కాబట్టి ఇంకో 32కె ర్యామ్ కావాలి, బూట్ అయ్యాక రోమ్‌ని పక్కకి తప్పించే స్విచ్ కావాలి, డిస్కు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు కావాలి.

పాత మేస్త్రి

మేడమ్ అడిగిన ఆ స్విచ్ మీ ఖాళీ సగమేనండీ. రీసెట్ లైను 13వ పిన్‌కి ఇస్తే పవర్ రాగానే రోమ్ ఆన్‌లో ఉంటుంది. తర్వాత ఏదో ఒక పోర్టుకి రాస్తే 11వ పిన్‌కి పల్స్ వెళ్లి ఫ్లిప్‌ఫ్లాప్ మారేలా కట్టుకుంటే రోమ్ తప్పుకుంటుంది. రోమ్ ఆన్‌లో ఉన్నప్పుడు కూడా రాతలు మాత్రం కింది ర్యామ్‌లోకి పోవాలి, డీకోడింగ్‌లో అది చూసుకోండి. అందుకని ఆ నాలుగు పిన్నుల్నీ ఇప్పుడు టంకం పోసి మూసేయకుండా సన్న తీగతో కట్టి ఉంచండి. సర్క్యూట్ కాగితం మీద గీసి ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.