మరచిపోయిన ఆటోపే చెల్లింపులు: బాధ్యత ఖాతాదారుడిదా, కంపెనీదా?

గోదావరిగట్టు: మా నాన్నగారి పింఛను ఖాతా నుంచి ఒక వీడియో యాప్ నెలనెలా 299 రూపాయలు తీసుకుంటున్న సంగతి పాస్‌బుక్కు ప్రింటు వేయించినప్పుడు బయటపడింది. ఒక్క రూపాయికి వారం రోజులు చూడవచ్చన్న ప్రకటన నమ్మి ఆయన యూపీఐ పిన్ కొట్టారు. తరువాత ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశారు కనుక వ్యవహారం ముగిసిందనుకున్నారు. యాప్ తొలగించినా మాండేటు, అంటే ఆటోపేలో నెలనెలా సొమ్ము తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి, బతికే ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పాలి?

పద్దులపంతులు: 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం అందాలి. మీ నాన్నగారికి ఆ సందేశం వచ్చిందా, రాలేదా?

గోదావరిగట్టు: వచ్చింది, ఇంగ్లీషులో. లోన్ ప్రకటనల నడుమ దాన్ని ఆయన ఎలా గుర్తుపడతారు?

నీలిమ: ముందు రద్దు చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే నడుస్తున్న మాండేట్లు కనిపిస్తాయి. ఆయన రెండు మూడు యాప్‌లు వాడుతుంటే అన్నింటిలోనూ చూడండి. కార్డు మీద పెట్టినవైతే బ్యాంకు సైటులోనూ, ప్లే స్టోర్ ద్వారా కట్టినవైతే అక్కడి సబ్‌స్క్రిప్షన్ల పేజీలోనూ వెతకాలి.

పద్దులపంతులు: సందేశం వచ్చిందని మీరే అన్నారు. పిన్ కొట్టే తెర మీద గరిష్ఠ మొత్తం కూడా కనిపిస్తుంది. అన్నీ చూపించి, ముందురోజు చెప్పి తీసుకున్న సొమ్మును మోసం అంటే ఎలా?

గోదావరిగట్టు: దయచేసి మళ్లీ ఆ 24 గంటల మాట ఎత్తకండి! ఒక్క రూపాయిని పెద్ద అక్షరాల్లో, 299ని చిన్న అక్షరాల్లో చూపి తీసుకున్న పిన్ అది. 2023 నవంబరు 30 నాటి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వినియోగదారులను ఏమార్చే 13 రకాల మాయవిధానాలను (డార్క్ ప్యాటర్న్స్) పేర్కొన్నాయి, వాటిలో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు ఒకటి. పెద్దవాళ్ల మతిమరుపు మీద వ్యాపారం నడిపేవారిని మీరెందుకు వెనకేసుకొస్తున్నారు?

పద్దులపంతులు: నేను ఆన్‌లైన్‌లో వీణ పాఠాలు చెబుతాను, నా ఇల్లు ఆటోపే మీదే నడుస్తోంది. అది లేని రోజుల్లో, కట్టడం ఇష్టం లేక కాదు, గుర్తులేకే సగం మంది ఫీజు ఆలస్యం చేసేవారు. ఆటోపేను కట్టడి చేసే నియమం పెడితే, అది ముందు నాలాంటివాళ్ల మీదే పడుతుంది.

కృష్ణాతీరం: ఈ మాట మొదటే చెప్పవలసింది.

గోదావరిగట్టు: అయితే మన తగాదా సందేశం గురించి కాదు, మౌనాన్ని అంగీకారంగా లెక్కించవచ్చా అన్నదాని గురించి. మీ శిష్యుడు మూడు నెలలు పాఠానికి రాకపోయినా ఫీజు తీసుకుంటారా?

పద్దులపంతులు: తీసుకోను, నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను. వాడకం ఆగిన ఖాతాల నుంచి వసూలు నిలిపివేయాలంటే నాకు అభ్యంతరం లేదు. నెలనెలా పిన్ అడగాలంటే మాత్రం ఒప్పుకోను.

గోదావరిగట్టు: నెలనెలా అడగమని నేను అనలేదు. ఒక్క రూపాయి గడువు ముగిసి, మొదటిసారి పూర్తి మొత్తం తీసుకునే రోజున అడగాలి. దానికీ అభ్యంతరమేనా?