ఆడిట్ లాగ్ డిస్కు నిండితే సర్వర్ ఆగిపోవాలా, వద్దా?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
మాది చిన్న పరపతి సంఘం. రెండు లినక్స్ సర్వర్లున్నాయి, బంగారు రుణాల సాఫ్ట్‌వేర్ వాటి మీదే నడుస్తుంది. ఈ ఏడు సెక్యూరిటీ ఆడిట్‌కని ఒక కన్సల్టెన్సీ వాళ్లొచ్చి, సీఐఎస్ బెంచ్‌మార్క్ (సర్వర్లను భద్రంగా పెట్టుకోవడానికి ఒక సంస్థ రాసిన చెక్‌లిస్టు) ముందు పెట్టుకొని ఆడిట్‌డీ (సర్వర్‌లో ఎవరేం చేసినారో లాగ్ రాసే లినక్స్ ప్రోగ్రాం) రూల్స్ అన్నీ వాళ్లే పెట్టిపోయినారు. పాస్‌వర్డ్ ఫైళ్ల మీద నిఘా, సుడో (అడ్మిన్ హక్కులు ఎవరికో చెప్పే) ఫైళ్ల మీద నిఘా, ఎవరు ఏ కమాండ్ కొట్టినా రికార్డు. దానికి తోడు రెండు సెట్టింగులు: పాత లాగ్ ఏదీ చెరపకూడదు, డిస్కులో చోటు అడుగంటితే మెషీన్ హాల్ట్ కావాలి, అంటే దానంతటదే ఆగిపోవాలి.

సోమవారం పొద్దున కౌంటర్ తెరిచే వేళకు అదే జరిగింది. నగలు విడిపించుకోవడానికి పత్తికొండ నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు, సర్వర్ ఆగిపోయి ఉంది. ఎందుకని చూస్తే ఆడిట్ లాగే చోటంతా తినేసింది. మా సెక్రటరీ గారు ఆ హాల్ట్ తీసేయమంటారు. కన్సల్టెన్సీ వాళ్లు తీస్తే రిపోర్టులో ఫెయిల్ రాస్తామంటారు. మీరైతే ఏం చేస్తారు?

ఏడురోడ్లు, కడప:
తీయొద్దు తమ్ముడూ. బంగారం తాకట్టు పెట్టుకునే చోట లాగ్ లేకుండా గంట నడిచిందనుకో, ఆ గంటలో తూకం ఎంట్రీ మార్చింది ఎవరని రేపు అడిగితే ఏం చూపిస్తావు? జనం రెండు గంటలు కూర్చుంటే కూర్చోనీ. బీరువా తాళం పోయిన రోజు కౌంటర్ తెరుస్తామా?

క్లాక్‌టవర్, అనంతపురం:
అన్నా, తూకం ఎంట్రీ మారిందని ఆడిట్‌డీకి తెలియదు. క్లర్కు సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద మార్చితే అది అప్లికేషన్ లాగ్‌లో ఉండాలి, లేదా డేటాబేస్ లాగ్‌లో. ఆడిట్‌డీ చూసేది ఏ లాగిన్ నుంచి ఏ ప్రోగ్రాం నడిచింది, ఏ ఫైలు ముట్టుకున్నారు అన్నంత వరకే. దాని విలువ దానికుంది, కాదనను. మీరు చెప్పిన దొంగను మాత్రం అది పట్టదు.

ఇక హాల్ట్ సంగతి. సీఐఎస్‌లో ఈ ఆడిట్ అధ్యాయం చాలావరకు లెవెల్ 2. పనికి అడ్డం పడినా సరే, భద్రతే ముఖ్యం అనుకునేవాళ్ల కోసం రాసిన లెవెల్ అది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్స్ 180 రోజులు భద్రంగా ఉంచమని ఉంది, మెషీన్ ఆపమని లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల 800-53 భద్రతా నియమాల్లో ఏయూ-5 కూడా లాగింగ్ ఫెయిలైతే ఏం చేయాలో సంస్థనే నిర్ణయించుకోమంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు స్కానర్ తిప్పి ఎర్ర గీత చూపిస్తారు, అది చట్టం కాదు.

ఇంకొకటుంది. లాగ్ నిండితే మెషీన్ ఆగుతుందని తెలిస్తే చాలు, మామూలు లాగిన్ ఉన్న ఎవరైనా ఏదో కమాండ్‌ను ఆగకుండా కొట్టే చిన్న లూప్ రాసి సర్వర్‌ను పడుకోబెట్టొచ్చు. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఇదేం సెక్యూరిటీ?

ఏడురోడ్లు, కడప:
తూకం మాట ఒప్పుకుంటా. హాల్ట్ బదులు ఏం పెడతావో చెప్పు మరి. డిఫాల్ట్‌గా వచ్చేది సస్పెండ్. అంటే ఆడిట్‌డీ బతికే ఉంటుంది, డిస్కు మీద రాయడం మాత్రం మానేస్తుంది. మనవాళ్లు వచ్చి పాత ఫైళ్లు చెరిపి, చోటు దొరికింది కదా అని వెళ్లిపోతారు. రెజ్యూమ్ సిగ్నల్ ఇవ్వందే అది మళ్లీ రాయదు. ప్రాసెస్ నడుస్తూనే కనిపిస్తుంది, లాగ్‌లో కొత్త లైను పడదు. అట్లా వారాల తరబడి ఖాళీగా ఉన్న సర్వర్లు చూసినాను. ఆగిపోయిన మెషీన్ కనీసం అందరికీ కనబడుతుంది.

నల్లరేగడి, ఆదోని:
హాల్ట్ గురించి కొట్లాడే ముందు, లాగ్ ఎందుకు నిండిందో ఎవరూ అడగరేం? హంద్రీ గారూ, ఏయూరిపోర్ట్‌లో (ఆడిట్ లాగ్‌ను లెక్కకట్టే కమాండ్) కీల వారీ లెక్క, అంటే ఏ రూల్ నుంచి ఎన్ని రికార్డులో, తీసి చూడండి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
చూసినా మేడమ్. దాదాపు అంతా కమాండ్‌ల రూల్ నుంచే. లాగిన్ ఐడీ అన్నిట్లోనూ 1001, అది మా బ్యాకప్ అకౌంట్. రాత్రి క్రాన్‌లో (వేళకు పనులు లేపే ప్రోగ్రాం) నడిచే స్క్రిప్టు ఒక్కో ఫైలుకు ఒక్కోసారి జీజిప్ (ఫైలు కుదించే ప్రోగ్రాం) పిలుస్తుంది.

నల్లరేగడి, ఆదోని:
అనుకున్నా. ఒక్క కమాండ్‌కు ఐదారు లైన్ల రికార్డు పడుతుంది: సిస్టమ్ కాల్, ఆర్గ్యుమెంట్లు, ఏ డైరెక్టరీ, ఏ పాత్, అన్నీ. వాళ్లు 1000, ఆపైన ఉన్న లాగిన్ ఐడీలే రాయమని ఫిల్టర్ పెట్టే ఉంటారు, డీమన్లు (వెనకాల నడిచే సిస్టమ్ ప్రోగ్రాంలు) దాంతో తప్పుకుంటాయి. కానీ క్రాన్ నుంచి లేచిన పనికి కూడా ఆ యూజర్ లాగిన్ ఐడీయే అంటుకుంటుంది కాబట్టి మీ బ్యాకప్ తప్పుకోలేదు.

అట్లాగని 1001ని పూర్తిగా వదిలేసే రూల్ పెట్టకండి. రేపు ఆ అకౌంట్‌లోకి ఎవడైనా దూరితే వాడికి రాజమార్గం. ఆ అకౌంట్ నుంచి నడిచిన జీజిప్‌ను మాత్రమే వదలండి. ఆ రూల్ కమాండ్‌ల రూల్ కంటే పైన ఉండాలి, మొదట ఏది సరిపోతే అదే చెల్లుతుంది. స్క్రిప్టునే మార్చి అన్నీ కలిపి ఒకేసారి కుదించేట్టు చేస్తే ఇంకా మేలు, రూల్ ముట్టుకునే పనే లేదు.

ఇక హెచ్చరిక. డిఫాల్ట్ అంకెలే వదిలేసినారేమో చూడండి. 75 ఎంబీ మిగిలినప్పుడు మెయిల్, 50 మిగిలినప్పుడు హాల్ట్. మధ్యలో 25 ఎంబీ! బ్యాకప్ నడిచే రాత్రి అది ఎంతసేపు? పైగా ఆ మెయిల్ పోయేది రూట్ ఖాతాకు. ఎవరు చదువుతారు?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
అవే అంకెలు మేడమ్. మెయిల్ పంపే ప్రోగ్రామే ఆ సర్వర్‌లో లేదు. రూల్ మార్చబోతే ఒప్పుకోలేదు కూడా.

క్లాక్‌టవర్, అనంతపురం:
రూల్స్ చివర్లో 'మైనస్ ఈ 2' అని తాళం వేసే లైను పెట్టి ఉంటారు. రీబూట్ చేసేదాకా రూల్స్ కదలవు. సాయంత్రం కౌంటర్ మూసినాక చేసుకో. హెచ్చరికను డిస్కులో నాలుగో వంతు మిగిలినప్పుడే మోగేట్టు పెట్టు. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌కు లినక్స్ వేసి, లాగ్స్ ఎప్పటికప్పుడు దానికి పంపు. అప్పుడు సర్వర్‌లో డిస్కు నిండితే పాతవి చెరిపేసే రొటేట్ చాలు. పాతవి ఎట్లాగూ అవతల చేరి ఉంటాయి. ఇదంతా ఒక కాగితం మీద మినహాయింపుగా రాసి బోర్డు సంతకం పెట్టించు. ఆడిటర్ ఫెయిల్ రాస్తే ఆ కాగితం చూపిస్తావు.

ఏడురోడ్లు, కడప:
పాత డెస్క్‌టాప్ అంటే దాని హార్డ్‌డిస్కు ఎప్పుడు పోతుందో తెలియదు. పాతవి సర్వర్‌లోనూ చెరిపేసి, అవతలా పోతే నీ 180 రోజులు గోవిందా. కొత్త డిస్కులు రెండు మిర్రర్ చేసి (ఒకదాని నకలు ఇంకోదానిలో ఉండేట్టు) పెట్టేదాకా హాల్ట్ ఉండనీ, నా మాట మారదు. ఇంకొకటి, ఆ లాగ్ మెషీన్ రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? సర్వర్ చూసుకునేవాడి దగ్గరే ఉంటే రెండు మెషీన్లు పెట్టి ఏం లాభం?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
ఇక్కడ సిస్టమ్స్ చూసేది నేనొక్కడినే అన్నా. లాగ్ మెషీన్ పాస్‌వర్డ్ సెక్రటరీ గారి చేతనే పెట్టించి, కవరుకు సీలు వేయించి స్ట్రాంగ్‌రూమ్‌లో ఉంచమంటా. డిస్కులకు రేపు కొటేషన్ అడుగుతా. అవి వచ్చేదాకా హాల్ట్ ఉంచి, ఈ రాత్రికే బ్యాకప్ స్క్రిప్టు మారుస్తున్నా.