తలస్నానం చేస్తుంటే ఫిట్స్: మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా?

కదిరి_అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. ఈ ఏడాది మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి, మూడూ ఆదివారాలే. మొన్న కుంకుడు రసంతో తలంటి, చెంబుతో వేడినీళ్లు గబగబా పోస్తుంటే పొంతన లేకుండా ఏదో గొణిగాడు. కళ్లలో రసం పడిందేమో అనుకునేలోపే కళ్లు తేలేసి నా మీదికి ఒరిగిపోయాడు. రోజూ ఒంటికి పోసే నీళ్లతో ఏమీ కాదు, తలకి పోస్తేనే. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఇక్కడ ఒక డాక్టరుకి చూపిస్తే తలకి వైర్లు అంటించి మెదడు సంకేతాలు చూసే ఈఈజీ పరీక్ష బాగానే ఉంది, ఏమీ లేదు పొమ్మన్నారు. స్నానం సంగతి చెప్పబోతే వినలేదు. ఆదివారం వస్తోందంటే నాకు టెన్షన్‌గా ఉంటోంది.

హిందూపురం_రవి:
అక్కా, నాకూ ఇదే. దీనికి పేరుంది, హాట్ వాటర్ ఎపిలెప్సీ అంటారు. నాకు పదకొండో ఏట మొదలైంది. మాకు బెంగళూరు దగ్గర కాబట్టి నాన్న అక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ స్నానం గురించే చాలాసేపు అడిగింది. నీళ్లు పొయ్యి మీదివా గీజరువా, చెంబా షవరా, ఎన్ని చెంబులు పోశాక వస్తుంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. ఒకరు మా మాట అంత ఓపిగ్గా విన్నారనే నాన్నకి కళ్లనీళ్లు వచ్చాయి.

ముందు నీళ్ల వేడి తగ్గించమన్నారు. దాంతో చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు తలస్నానానికి గంటా గంటన్నర ముందు వేసుకోమని క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర రాశారు. ఆరేళ్లయింది, మళ్లీ రాలేదు. నా మోతాదు ఇక్కడ రాయను, బాబు బరువు చూసి డాక్టరే చెప్పాలి.

న్యూరాలజీ_పీజీ:
నేను న్యూరాలజీలో పరిశోధన వైపు వెళ్లాలనుకోవడానికి ఈ జబ్బే కారణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

దీన్ని మొదట రాసింది 1945లో, న్యూజిలాండ్‌లో. మన దగ్గర బెంగళూరులో కె.ఎస్. మణి గారి బృందం 1968లో రాసింది. తర్వాత నిమ్హాన్స్‌లో సతీష్‌చంద్ర గారి బృందం 279 మంది రోగుల వివరాలు 1988లో ప్రచురించింది. ప్రపంచంలో ఎక్కువ కేసులు దక్షిణ భారతంలోనే, ముఖ్యంగా దక్షిణ కర్ణాటకలో కనిపిస్తాయి. టర్కీలోనూ ఉన్నాయి. నలభై, యాభై డిగ్రీల నీళ్లు చెంబు వెంట చెంబు తల మీద గుమ్మరించుకునే మన అలవాటుకీ దీనికీ సంబంధం ఉంది. అయితే అందరం అలాగే పోసుకుంటున్నా కొందరికే వస్తోంది. వాళ్ల మెదడులో వేడిని సర్దుబాటు చేసే ఏర్పాటులో పుట్టుకతోనే తేడా ఉందని ఒక ఆలోచన. ఎలుకల తల మీద మళ్లీ మళ్లీ వేడినీళ్లు పోసి బెంగళూరులో దీన్ని పరీక్షించారు కూడా. కొన్ని కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురికి ఉండటంతో జన్యువుల వైపు వెతికారు. నాలుగు, పది నంబరు క్రోమోజోముల్లో అనుమానించదగ్గ చోట్లు దొరికాయి.

కదిరి అమ్మగారూ, ఫిట్స్ లేనప్పుడు తీసే ఈఈజీ ఈ పిల్లల్లో చాలామందికి మామూలుగానే ఉంటుంది. కాబట్టి రిపోర్టు బాగుందని వదిలేయకండి. మీరు చూసింది చూసినట్టు చెప్పడమే ఇక్కడ అసలు పరీక్ష. ఇంకో మాట, కొంతమందికి కొన్నేళ్లకి స్నానంతో పని లేకుండానే ఫిట్స్ మొదలవుతాయి. అప్పుడు రోజూ మందు వాడాలి. అందుకే న్యూరాలజిస్టుకి చూపించడం మానొద్దు.

సుధ_బెజవాడ:
మా తమ్ముడిది వేరే రకం. తలస్నానానికి కూర్చుంటే లేవడు, ఇంకా వేడిగా కావాలని ఇంకా ఇంకా పోసుకునేవాడు. మొండి అని కొట్టాం కూడా. ఫిట్స్ మొదలయ్యే ముందు కొందరికి హాయిగా అనిపించి ఆపలేకపోతారని డాక్టరు చెప్పాక, వాణ్ణి కొట్టినందుకు అమ్మ రోజులతరబడి బాధపడింది. పిల్లలు అలా చేస్తుంటే తిట్టకండి, గమనించండి.

హిందూపురం_రవి:
సుధ గారూ, నాకూ మొదట్లో అలాగే ఉండేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

అక్కా, బాత్‌రూమ్ గడియ పెట్టనివ్వకండి. తడిగుడ్డతో ముందు తల తుడిచి, గోరువెచ్చని నీళ్లు మెల్లగా పోయండి. ఫిట్స్ వస్తే నీళ్లు ఆపి పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో ఏదైనా పెట్టడం వద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికే.

కదిరి_అమ్మ:
అందరికీ దండాలు. నిన్న గోరువెచ్చని నీళ్లతో, తలుపు తీసి, మా ఆయన పక్కన నిలబడగా పోశాను. ఏమీ కాలేదు. మీరు రాసినవన్నీ మా అత్తమ్మకి చదివి వినిపించాను. చిన్నప్పుడు వాళ్ల అన్నకీ తలంటితే ఇలాగే వచ్చేదట, ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదట. వచ్చే వారం బెంగళూరు వెళ్తున్నాం. ఆమెని కూడా తీసుకెళ్తున్నా, ఆ సంగతి డాక్టరుకి తనే చెబుతానంది.