మనుషుల్లేని సబ్‌స్టేషన్లు: హ్యాకింగ్ జరిగితే బ్రేకర్ వేసేదెవరు?

రిలేగది:
సబ్‌స్టేషన్లన్నీ దూరం నుంచే నడుపుదాం, ఆపరేటర్లు అక్కర్లేదు అనే వాదన ఈమధ్య బాగా వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల్లోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఆపరేటర్లు చూస్తుండగానే స్క్రీన్ మీద మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లను (లైన్‌కు కరెంటు కలిపే, తెంచే పెద్ద స్విచ్‌లు) ఆపేసింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగొచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి చేత్తో బ్రేకర్లు వేయబట్టే. ఆ పని తెలిసినవాళ్లు లేకపోతే గతేంటి?

కాపలాదారు:
మీరు చివరి ఘట్టం చెప్పారు. మొదలు ఆఫీసు ఈమెయిల్‌కు వచ్చిన ఒక ఫైలు. దాన్ని తెరిచినప్పటి నుంచి హ్యాకర్లు నెలల తరబడి లోపలే ఉండి పాస్‌వర్డులు కాజేశారు. కంట్రోల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి ఆ పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోయింది, ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు. మూడు షిఫ్టుల జీతాల డబ్బు నెట్‌వర్క్ నిఘాకు పెడితే అసలు కరెంటే పోదు కదా!

చెరువుగట్టు:
నిఘాకు మనుషులెక్కడున్నారండీ? 2023 నవంబర్‌లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా తాగునీటి సంస్థలో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్, అంటే ఒక కంట్రోలర్‌ను హ్యాక్ చేశారు. ఆ రకానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111! సిబ్బంది వెంటనే మాన్యువల్‌కు మారారు కాబట్టి నీళ్లు ఆగలేదు. చిన్న ఊళ్లకు అదే దిక్కు.

రిలేగది:
కాపలాదారు గారూ, ఉక్రెయిన్‌లో వాళ్లు సబ్‌స్టేషన్లలోని కమ్యూనికేషన్ పరికరాల ఫర్మ్‌వేర్‌ను (వాటిని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కూడా చెడగొట్టారు. కరెంటు వచ్చాక కూడా చాలాకాలం చేత్తోనే నడపాల్సి వచ్చింది. నిఘా తప్పిన రోజు మీ దగ్గర ఏం మిగులుతుంది? ప్రతి సబ్‌స్టేషన్‌లో మనిషి ఉండాలని నేను పట్టుబట్టను. డివిజన్‌కో బృందం ఉండాలి, ఏడాదికోసారైనా స్కాడా (దూరం నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఆపేసి నిజంగా సాధన చేయాలి.

కాపలాదారు:
సాధనకు నేనూ సరే. కానీ 2016 డిసెంబర్‌లో కీవ్ దగ్గరి సబ్‌స్టేషన్ మీద వాడిన ఇండస్ట్రోయర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ చూడండి. అందులో రక్షణ రిలేలను (లోపం కనిపిస్తే బ్రేకర్‌ను ఆపించే పరికరాలు) స్తంభింపజేసే భాగం ఉంది. సిబ్బంది హడావుడిగా చేత్తో లైన్ చార్జ్ చేసే (మళ్లీ కరెంటు ఎక్కించే) సమయానికి రక్షణ లేకుండా చేయడమే వాళ్ల ఎత్తు అని డ్రాగోస్ అనే సైబర్ భద్రతా సంస్థ తర్వాత విశ్లేషించింది. అంటే మీ బృందం పరుగెత్తుకొస్తుందని లెక్కేసుకునే దాడి చేశారు. రిలేలు పనిచేస్తున్నాయో లేదో చూడకుండా బ్రేకర్ వేస్తే పరికరాలే కాదు, మనుషులూ పోతారు. మీరు చెప్పే సాధనలో ఆ పరీక్ష ఎవరు చేస్తారో ముందు చెప్పండి.