కేహెచ్ (నీటి క్షారత) మూడు రోజులకే పడిపోయింది, కాల్షియం మాత్రం కదల్లేదు. ఎందుకు?

రీఫ్‌బుడత:
సముద్రపు పగడాల ట్యాంకు 200 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 170 ఉంటాయి. వయసు ఎనిమిది నెలలు. రెండు అక్రోపోరాలు, ఒక మాంటిపోరా, ఒక హ్యామర్ పగడాలున్నాయి. పగడాల వాడకం తెలుసుకుందామని డోసింగ్ పంపు (సోడా, కాల్షియం ద్రావణాలు పోసేది) మూడు రోజులు ఆపాను. కేహెచ్ 8.6 నుంచి 6.8కి దిగింది. కాల్షియం అప్పుడూ ఇప్పుడూ 430. మెగ్నీషియం 1150, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, ఉప్పు వెయ్యికి 35 (ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో), నీటి వేడి 25.5 డిగ్రీలు. అక్రోపోరా మొదలు దగ్గర టిష్యూ ఊడి తెల్లటి ఎముక కనిపిస్తోంది. హీటర్ మీద సున్నం పెచ్చు కట్టింది. పంపు గొట్టాలు రెండూ సంప్‌లో (ట్యాంకు ఫిల్టర్ తొట్టి) హీటర్ పక్కనే ఉన్నాయి, రాత్రి పదికి ఒకదాని వెంట ఒకటి పడతాయి. బఫర్ (కేహెచ్ పెంచే మందు) వేసి కేహెచ్‌ని 11కి లాగేయనా?

పగడాలపేట:
వద్దండీ. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాలో ఉండగా కేహెచ్ 11 చేస్తే అక్రోపోరా కొసలు మాడిపోతాయి. ఎముక పెరుగుదల తోసుకుపోతుంది, పైన టిష్యూకి మాత్రం తిండి ఉండదు. మీ ట్యాంకుకి 7.5–8 చాలు. అదీ రోజుకి అర డీకేహెచ్‌కి (కేహెచ్ కొలిచే డిగ్రీ) మించి పెంచకండి. ఆ టిష్యూ ఊడటం కూడా ఎక్కువగా కేహెచ్ ఊగిసలాట వల్ల వచ్చేదే.

కాల్షియం కదలకపోవడంలో వింతేం లేదు. పగడం ఎముక కట్టుకునేటప్పుడు 1 డీకేహెచ్‌కి దాదాపు 7 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) కాల్షియం వాడుతుంది. మీకు 1.8 తగ్గింది, అంటే కాల్షియం 13 తగ్గాలి. చుక్కలు లెక్కపెట్టే కిట్‌లో అంత తేడా పట్టుబడదు. రోజువారీ వాడకానికి కేహెచ్‌నే నమ్ముకోండి, రోజూ ఒకే వేళకి కొలవండి.

సంప్‌వాలా:
పంపు నడిచినన్నాళ్లూ మీ డోసులో కొంత పగడాలకి చేరలేదు, హీటర్‌కి చేరింది. సోడా, కాల్షియం ఒకే చోట కలిస్తే అక్కడికక్కడే సున్నమై రాలిపోతాయి. వేడి గాజు మీద ఇంకా తొందరగా పేరుకుంటాయి. మెగ్నీషియం తక్కువైతే ఆ రాలడాన్ని ఆపేది ఉండదు. గొట్టాలని విడదీసి, నీళ్లు జోరుగా పారే చోట పెట్టండి. రెండు డోసుల మధ్య కనీసం అరగంట ఉండాలి. రోజు డోసుని ఒక్కసారిగా పోయకుండా ఆరేడు భాగాలు చేయండి. హీటర్ ప్లగ్ తీసి, చల్లారాక వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి నానబెడితే పెచ్చు ఊడుతుంది. వేడి మీద నీళ్లలోంచి తీస్తే గాజు పగులుతుంది.

మెగ్నీషియం 1150 నుంచి 1300కి రావాలంటే 170 లీటర్లకి మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 213 గ్రాములు పడుతుంది. మూడు రోజులకి పంచి వేయండి.

ఉప్పులెక్క:
ఆ 213 గ్రాములు తూచే ముందు ఒక్కమాట. రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో సరిచేశారు? ఆర్‌ఓ నీళ్లతో సున్నాకి తెచ్చి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపించొచ్చు. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం 1290 దాకా ఉంటుంది. ఉప్పు 31కి దిగితే అది సుమారు 1140 అవుతుంది, మీ కిట్ చెప్పేది దాదాపు అదే. మామూలు ఉప్పు 36.5 గ్రాములు 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లలో కరిగించండి. వక్రీభవనంలో అది 35 ఉప్పున్న సముద్రపు నీటికి సమానం, రిఫ్రాక్టోమీటర్ 35 చూపాలి.

రీఫ్‌బుడత:
చేశాను. ఆ ద్రావణానికి 39 చూపిస్తోంది. అంటే ట్యాంకులో ఉన్నది 31 చుట్టూ అన్నమాట. ఇప్పుడు మెగ్నీషియం వేయాలా వద్దా?

ఉప్పులెక్క:
వద్దు, ముందు ఉప్పు ఎక్కించండి. ఆవిరయ్యే నీటికి ఆర్‌ఓ బదులు 35 ఉప్పునీళ్లు పోయండి. రోజుకి 3 లీటర్లు ఆవిరైతే ఉప్పు 0.6 చొప్పున పెరుగుతుంది, ఆరేడు రోజుల్లో 35కి చేరుతుంది. ఒక్కరోజులో లాగితే పగడాలు ముడుచుకుపోతాయి. ఉప్పుతో పాటే మెగ్నీషియం దాదాపు 1300కి వస్తుంది, కాల్షియం 480కి పోతుంది. కాబట్టి కాల్షియం గొట్టం ఈ వారం మూసేయండి.

సోడా మాత్రం ఆపకండి. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి వంటసోడా 3 గ్రాములు (బేకింగ్ పౌడర్ కాదు). మీ వాడకం రోజుకి 0.6, అంటే 170 లీటర్లకి రోజూ 3 గ్రాములు. అంతకు మించి వేయకండి, కొత్త ఉప్పునీళ్లలో వచ్చే కేహెచ్ మిగతాది చూసుకుంటుంది.

పగడాలపేట:
ఇక నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాలో ఉన్న సంగతి. కేహెచ్ సరిచేసినా ఇవి ఇలాగే ఉంటే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు) వస్తాయి. ఇసుక మీద బుడగలు పట్టిన గోధుమరంగు జిగురు కనబడితే వచ్చేసినట్టే. ఫాస్ఫేట్ పీల్చే మీడియా ఉంటే తీసేయండి, స్కిమ్మర్ (నురుగుతో మలినాలు లాగే యంత్రం) రాత్రిపూట ఆపండి, చేపలకి తిండి పెంచండి. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలబడితే బాగు. తిండితో పెరగకపోతే సోడియం నైట్రేట్ 0.23 గ్రాములు మీ ట్యాంకులో 1 పీపీఎం పెంచుతుంది. రోజుకి అంతే.

అక్రోపోరాలో తెల్లబడిన గీత పైకి పాకుతుంటే, దానికి సెంటీమీటరు పైన బతికున్న కొమ్మ కోసి వేరే రాయికి అంటించండి. ఆగిపోతే ముట్టుకోకండి.

సంప్‌వాలా:
మెగ్నీషియం లెక్క వెనక్కి తీసుకుంటున్నా, ఉప్పు సంగతే ముందు. ఒక జాగ్రత్త: ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట నింపేది) డబ్బాలో ఉప్పునీళ్లు పోస్తారు కదా, 35 రాగానే డబ్బా ఖాళీ చేసి ఆర్‌ఓ నింపండి. చాలామంది అది మర్చిపోయి 38 దాకా పోతారు.